మళ్లీ కేటాయించేటప్పుడు పాత పేరు చెరపకూడదు

కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక వేరియబుల్‌కు, అంటే విలువను దాచుకునే పేరుకు, ముందు ఐదు ఇచ్చి, తర్వాత ఏడు ఇస్తే ఏడే నిలుస్తుంది, ఐదు ఏమైందని ఎవరూ అడగరు. యంత్రానికి ఆ పద్ధతి సరిపోతుంది. ఊళ్లను, పొలాలను కూడా మన పాలనా వ్యవస్థ అలాగే మార్చేయడమే నా అభ్యంతరం. రద్దయిన మొబైల్ నంబరును సైతం 90 రోజులు గడిచే దాకా మరొకరికి ఇవ్వరు.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు ఈ మార్పులు కొత్త కాదు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న మదనపల్లె అన్నమయ్య జిల్లాలో కలవగా, నెల్లూరుకు దగ్గరగా ఉన్న గూడూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు చిన్నవైతే కలెక్టరు కార్యాలయం చాలామందికి దగ్గరవుతుందనే వాదనను నేను కాదనను. దూరం తగ్గినంత మాత్రాన దస్త్రం దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు.

అసలు గాయం భూమి దగ్గర ఉంది. ప్రభుత్వం భూమిలేని పేదలకు కేటాయించిన (అసైన్డ్) భూమికి ఇచ్చే పత్రమే డీకేటీ పట్టా, ఈ ప్రాంతంలో అదంటే తెలియని రైతు కుటుంబం ఉండదు. పుత్తూరు వైపు ఒక ఇంట్లో అలాంటి పట్టాను చేతిలోకి తీసుకుని చూశాను: మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బాలో దాచుకున్నారు. కూతురి పెళ్లికి అప్పు పుట్టక తండ్రి ఆ పొలాన్ని తెల్లకాగితం మీద అమ్మేశాడు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. తహసీల్దారు భూమిని వెనక్కి తీసుకుని పట్టాదారుకో, వారసులకో తిరిగి అప్పగించవచ్చు, అది వీలుకానప్పుడే ప్రభుత్వపరం చేసి మరో భూమిలేని పేదకు ఇవ్వాలి. పేదవాడు ఒకసారి తప్పటడుగు వేసినా అతని హక్కు పోకూడదనే దయ ఆ చట్టంలో ఉంది. కానీ కొడుకు మండల కార్యాలయానికి వెళ్తే, ఆన్‌లైన్ అడంగల్‌లో (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో చూపే రెవెన్యూ రికార్డులో) మీ నాయన పేరే లేదని తిప్పి పంపారు. పేరే లేనప్పుడు తిరిగి ఇవ్వడానికి వారసుడిగా ఎవరిని పిలుస్తారు?

ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో చట్టాన్ని సవరించాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. ఆ హక్కు ఎవరిదో తేల్చాల్సింది మొదటి పట్టాదారు పేరే. కాబట్టి ప్రతి సర్వే నంబరుకూ మొదటి పట్టా నుంచి నేటి దాకా చేతులు మారిన పేర్లన్నీ తేదీలతో వరుసగా అడంగల్‌లోనే కనిపించాలి, ఏ పేరునైనా తొలగించే ముందు ఆ కుటుంబానికి నోటీసు అందాలి. అంతవరకూ ఆ కొడుకు దగ్గర ఉన్న రుజువు బియ్యం డబ్బాలోని ఆ టేపు అంటించిన కాగితం ఒక్కటే.