లేక్ వ్యూ ఫ్లాటు: ఒక చారిత్రక పరిశీలన

కూకట్‌పల్లి దాటి నిజాంపేట రోడ్డెక్కితే చాలు, మలుపు మలుపుకీ ‘లేక్ వ్యూ’ హోర్డింగే. ఇది హైదరాబాద్ శివారా, కశ్మీరా అని సందేహం రావడం సహజం. అందుకే భావి చరిత్రకారుల సౌకర్యార్థం ఈ ప్రాంత చరిత్రను క్లుప్తంగా నమోదు చేస్తున్నాను.

మొదట చెరువులు, వాటి కింద పొలాలు ఉండేవి. పొలాలు ప్లాట్లయ్యాయి. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, 1972లో పుట్టిన జేఎన్‌టీయూ కాస్తా బస్టాపు పేరుగా స్థిరపడింది, 2017లో మియాపూర్ నుంచి మెట్రో కదిలింది, 2019లో నిజాంపేట కార్పొరేషన్ అయింది. మరి చెరువేదీ అంటారా? బ్రోచర్‌లో ఉంది.

మొన్న ఓ సేల్స్ కుర్రాడు మమ్మల్ని పదకొండో అంతస్తు బాల్కనీలోకి తీసుకెళ్లాడు.

‘‘అదిగో సార్, లేక్!’’

ఎదురుగా ఇంకో టవరు, దాని మీద ఆరేసిన లుంగీ.

‘‘అటు కాదు సార్, ఎడమకి. ఇంకొంచెం వంగండి. తల బయటికి పెట్టండి, నేను పట్టుకుంటాగా.’’

నా బెల్టు అతని చేతిలో, నా ప్రాణం రెయిలింగు మీద. రెండు టవర్ల సందులో చేటంత గుర్రపుడెక్క కనిపించింది. వాసనకైతే వంగనక్కర్లేదు, హాల్లోకే వస్తోంది.

‘‘చూశారుగా! అందుకే ఈ ఫేసింగ్‌కి ఎక్స్‌ట్రా సార్. మేడమ్, మీరూ రండి.’’

‘‘నాకు ఎత్తంటే భయం బాబూ’’ అంది మా ఆవిడ.

‘‘పర్లేదు మేడమ్, డ్రోన్ వీడియో ఉంది.’’

ఎక్స్‌ట్రా కట్టకుండానే ఈ భాగ్యం దక్కినవాళ్లూ ఉన్నారు. 2016 సెప్టెంబర్‌లో తుర్క చెరువు పొంగి, భండారీ లేఅవుట్‌లో లేక్ తనే సెల్లార్లలోకి దిగి రోజుల తరబడి ఉండిపోయింది. ‘చెరువులో ఇల్లెవడు కట్టుకోమన్నాడు?’ అన్నారు పెద్దమనుషులు.

చెరువులోకి ఇల్లు దానంతటది నడిచి రాదండీ. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, నుంచి 30 మీటర్లు బఫర్ వదలాలని రూలుంది. అయినా శిఖం భూమికి, అంటే చెరువు కడుపులోని నేలకి, లేఅవుట్ ఎవడో గీశాడు, ఎవడో సంతకం పెట్టాడు. స్టాంపు డ్యూటీ సర్కారు తీసుకుంది, బ్యాంకు లోనిచ్చింది. ఇందరు చదువుకున్నవాళ్లకి కనపడని చెరువు ఈఎంఐ కట్టేవాడికి కనపడాలా? 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ హైడ్రా బుల్డోజర్లు కూకట్‌పల్లి నల్లచెరువుకొచ్చాయి. సామాను తీసుకుంటాం, కాస్త టైమివ్వండని షెడ్లవాళ్లు బతిమాలారు. సంతకం పెట్టినవాడు మాత్రం నెల తిరిగేసరికి పెన్షన్ తీసుకుంటున్నాడు. వాడి ఇంటి అడ్రసు బుల్డోజర్‌కి ఎవరూ చెప్పరేం?