ఆరు నెలల్లో బోన్సాయ్ అట!

"చిన్న మొక్కని చిన్న ట్రేలో పెట్టండి, నీళ్లు తగ్గించండి, నెలనెలా వేళ్లు కత్తిరించండి, వైరు చుట్టి వదిలేయండి. ఆరు నెలల్లో బోన్సాయ్ రెడీ." చెట్టుని కుండీలోనే పొట్టిగా పెంచి ముసలి చెట్టులా తీర్చిదిద్దే బోన్సాయ్ గురించి ఈ మెసేజ్ నాకు ఇప్పటికి మూడు గ్రూపుల్లో వచ్చింది. ట్రే, కత్తిరింపు, వైరు... అన్నీ బోన్సాయ్‌లో ఉన్నవే. కానీ ఏది ఎప్పుడు చేయాలో తెలియనివాళ్లు రాసిన మెసేజ్ ఇది.

ముందు ట్రే సంగతి. బోన్సాయ్‌ని చూడగానే ముసలి చెట్టులా అనిపించడానికి పెద్ద కారణం దాని మొదలు లావు. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగుతూ, బెరడు కింద ఏటా కొత్త చెక్క పొర కడితేనే మొదలు లావెక్కుతుంది. అంటే బోలెడు ఆకులుండాలి, పొడుగు కొమ్మలుండాలి, వాటిని పోషించే వేళ్లకి చోటుండాలి. లోతులేని ట్రేలో ఈ మూడూ కుదరవు. నా మొదటి ఫైకస్‌ని (మర్రి, రావి జాతి మొక్క) ఇలాగే ట్రేలో పెట్టి నాలుగేళ్లు ఎదురుచూశాను. నాలుగేళ్ల తర్వాత కూడా అది పెన్సిల్ లావు పుల్లే. విసుగొచ్చి పెద్ద కుండీలోకి మారిస్తే అప్పుడు కదిలింది.

అందుకే తొలి ఏళ్లలో మొక్కని నేలలోనో పెద్ద కుండీలోనో పెట్టి ఇష్టం వచ్చినట్టు పెరగనిస్తారు. మూడేళ్లు పట్టొచ్చు, పదేళ్లూ పట్టొచ్చు. అది జాతిని బట్టి, మీకు కావలసిన లావుని బట్టి ఉంటుంది. కింది భాగంలో ఒకటి రెండు కొమ్మల్ని తర్వాత కొట్టేయడానికే పెంచుతారు. అవి ఎంత పొడుగు సాగితే వాటి కిందున్న మొదలు అంత లావెక్కుతుంది. కావలసిన లావు వచ్చాక మానుని బాగా కిందికి కోసేస్తారు. కోత దగ్గర పుట్టిన చిగుళ్లలో ఒకదాన్ని కొత్త తలగా పెంచి, అదీ లావెక్కాక మళ్లీ కోస్తారు. కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండే ఆ ఆకారం ఇలా కోత మీద కోతతో వస్తుంది. పెంచిన చెట్టుని నరకడానికి మొదటిసారి చేతులు రావు, నిజమే.

ఇక నీళ్లు తగ్గించమనడం. మొక్కని మాడిస్తే ఆకు చిన్నదవుతుందనే నమ్మకం ఇది. లోతు తక్కువ ట్రేలో మట్టి త్వరగా ఆరిపోతుంది కాబట్టి నేలలో మొక్క కన్నా దానికే తరచుగా నీళ్లు కావాలి. ఆకు చిన్నదయ్యేది మంచి ఎండ వల్ల, కొమ్మ చీలి రెమ్మలు ఎక్కువవడం వల్ల. అదీ చివరి దశలో చూసుకునే పని. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటలో యమాకి పైన్ అని ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. 1625 నుంచి పెంపకంలో ఉంది, 1945లో హిరోషిమా బాంబు దాడిని తట్టుకుంది, 1976లో జపాన్ నుంచి అమెరికాకి కానుకగా వెళ్లింది. మాడ్చి పెంచిన చెట్టు అన్నేళ్లు బతుకుతుందా?

నెలనెలా వేళ్లు కత్తిరించడమైతే మొక్కని చంపే పనే. వేళ్లని ముట్టుకునేది కుండీ మార్చేటప్పుడు మాత్రమే. అది కుర్ర మొక్కలకి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, చాలా జాతులకి మొగ్గలు ఉబ్బే సమయంలో. అప్పుడు కూడా నిటారుగా దిగే తల్లివేరుని తగ్గించి, పక్కలకి పాకే వేళ్లని, పీచువేళ్లని ఉంచుతారు. మొదలు చుట్టూ నేలని పట్టుకున్నట్టు కనిపించే వేళ్లు, జపనీయులు నెబారి అనేవి, ఇప్పుడు సర్దితేనే వస్తాయి. కొందరు మొక్క కింద చదునైన పెంకు పెట్టి నాటేది ఇందుకే.

కొమ్మని కావలసిన వంపులో నిలపడానికి వైరు చుట్టడం సరే, వదిలేయడం కాదు. జోరుగా పెరిగే కొమ్మలో కొన్ని వారాలకే వైరు దిగబడిపోతుంది, ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. తీసేటప్పుడు విప్పకండి, కొమ్మ విరుగుతుంది. ముక్కలుగా కత్తిరించి తీయండి.

మెసేజ్ నమ్మి ఇప్పటికే ట్రేలో పెట్టేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు. వేళ్లు కదపకుండా మట్టిగడ్డతో సహా ఎత్తి, నీరు నిలవని గరుకు మట్టి పోసిన పెద్ద కుండీలోకి మార్చండి, ఓ రెండేళ్లు కత్తెర దాచేయండి.