షూరిటీ సంతకమా, నీకో దండం!

రాజమండ్రి నుంచి.

నా సొంత సంతకానికి,

నిన్ను పెంచింది నేనే. పదో తరగతిలో నోటుపుస్తకాల వెనక పేజీలన్నీ పాడుచేసి, చివరి అక్షరం కింద పాములా ఓ గీత లాగి నీకో రూపం తెచ్చాను. ఆ తర్వాత ముప్పై మూడేళ్లు తెలుగు మాస్టారి ఉద్యోగంలో హాజరుపట్టీల మీదా ప్రోగ్రెస్ కార్డుల మీదా నిన్ను తిప్పాను. ఇన్నేళ్లలో నీ ఖరీదెంతో ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ల కిందట ఓ బ్యాంకు చెప్పింది, 40 లక్షలని. కాస్త పొంగిపోయాను కూడా, దాచుకోవడం దేనికి.

ఆ రోజు గుర్తుందా? మా బావమరిది ప్లైవుడ్ కొట్టుకి సీసీ లిమిట్, అంటే కావాల్సినప్పుడల్లా వాడుకునే బ్యాంకు అప్పు, కావాలన్నాడు. "ఒక్క షూరిటీ సంతకం బావా, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. మేనేజరుగారు కూడా "ఫార్మాలిటీయే మాస్టారూ" అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. తమ్ముడి సంగతి ఆవిడకి తెలుసు, నా సంగతీ తెలుసు. నువ్వు మాత్రం పెన్ను మూత తీయకముందే పరుగెత్తావు. పంతొమ్మిది పేజీలు, టీ చల్లారేలోపు అయిపోయాయి. కాగితాలు ఇంగ్లీషులో, నువ్వేమో తెలుగులో. అందుకని చివర్న ఇంకో కాగితం పెట్టారు, "పై విషయాలన్నీ నాకు తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకున్నాను" అని. నాకు వినిపించింది ఫ్యాను చప్పుడొక్కటే. దాని కిందా నువ్వే వయ్యారంగా కూర్చున్నావు.

కొట్టు నడిచిన నాలుగేళ్లూ లాభంలో ఓ పూచికపుల్ల మనింటికి రాలేదు. మూతపడగానే పూచీ అంతా వచ్చేసింది, రిజిస్టర్డ్ పోస్టులో.

"అప్పు తిన్నవాణ్ణి ముందు అడగండి, వాడివల్ల కాకపోతే అప్పుడు నా దగ్గరికి రండి" అని బ్యాంకుకెళ్లి గొడవపడ్డాను. మేనేజరు మారిపోయాడు. కొత్తాయన మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మరీ చెప్పాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, బాకీదారు బాధ్యత ఎంతో షూరిటీ బాధ్యతా అంతే. ముందు వాడు, తర్వాత నేను అనే వరస లేదు. ఆ వరస పాటించమని కింది కోర్టులంటే, బ్యాంక్ ఆఫ్ బీహార్ సుప్రీంకోర్టు దాకా వెళ్లిందట. అలా ఆగమంటే అసలు షూరిటీ తీసుకోవడం ఎందుకని సుప్రీంకోర్టు తేల్చేసింది. 1969 లా రిపోర్టుల్లో ఉంది. అంటే నువ్వు పుట్టకముందే నీ జాతకం రాసేశారు.

వేరేగా ఏమైనా రాసుకున్నామా అని భూతద్దం పెట్టి చూశాను. రాసుకున్నాం, అదీ వాళ్లవైపుకే! నాకు చెప్పకుండా అప్పు షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీల బాధ్యత నాకు తప్పుతుందని ఆ చట్టంలోనే 133వ సెక్షన్ ఉంది. పాపం, పాతకాలపు వాళ్లు షూరిటీకి అలాంటి కిటికీలు నాలుగైదు వదిలారు. పదకొండో పేజీలో "ఆ హక్కులేవీ నాకు అక్కర్లేదు, నన్నే అసలు బాకీదారుగా అనుకోండి" అని అన్నిటికీ గడియలు పెట్టేసింది ఎవరు? అక్కడ నీ తోక గీత మామూలు కంటే ఓ అంగుళం ఎక్కువే సాగింది.

ఊరట లేదనకూడదు. నేను కట్టేస్తే బ్యాంకు స్థానంలోకి నేనొస్తానట, ఆ డబ్బు బావమరిది దగ్గర వసూలు చేసుకోవచ్చట. 140, 145 సెక్షన్లు. ఇంతమంది ఆఫీసర్లూ లాయర్లూ ఉన్న బ్యాంకు వల్ల కానిది, సంక్రాంతికి వాడికి బట్టలు పెట్టే నా వల్ల అవుతుందట!

ఇదే వాడిది కొట్టు కాక కంపెనీ అయ్యుంటే ఇంకా ముచ్చటగా ఉండేది. దివాలా చట్టం కింద బ్యాంకులు కంపెనీ బాకీలో కొంత వదులుకుంటే దాన్ని హెయిర్‌కట్ అంటారు. కంపెనీ బాకీలు తేల్చే ప్లాను ఆమోదం పొందినంత మాత్రాన షూరిటీకి విముక్తి లేదని 2021లో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్రాఫు కంపెనీకి, గుండు మనకి.

నా రిటైర్మెంటు సభ గురించి రెండు లైన్లు వేయమంటే వేయని పేపర్లో మొన్న నా పేరు ఇంటిపేరుతో సహా పడింది. బావమరిది తాకట్టు పెట్టిన గోడౌను స్వాధీనం చేసుకున్నామంటూ సర్ఫేసీ చట్టం కింద, అదే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం కింద, నోటీసు. రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలని రూలు. భాషాభిమానం అంటే అదీ. గోడౌను అమ్మగా ఇంకా 26 లక్షలు బాకీ తేలింది. మనవరాలి చదువు లోనుకి కో-అప్లికెంటుగా వెళ్తే, నా సిబిల్ రిపోర్టులో, అదే నా అప్పుల చిట్టాలో, ప్లైవుడ్ కొట్టు కనిపించింది. ఆ పిల్ల ముందు తలెత్తలేకపోయాను.

నేను పోతే పీడా పోతుందేమోనని అడిగాను. అప్పటిదాకా ఉన్న బాకీకి, నేను వదిలివెళ్లే ఆస్తి మేరకు నువ్వు బతికే ఉంటావట. నాకంటే గట్టిపిండానివి.

నిన్న విశాఖపట్నం డీఆర్‌టీ నుంచి, అంటే బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్ నుంచి, సమన్లొచ్చాయి. లాయరు దగ్గరికి వెళ్లి, ఈ సంతకం వల్ల ఎలా మునిగానో గంటసేపు చెప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, సొరుగులోంచి వకాలత్ కాగితం తీసి నా ముందుకి జరిపాడు.

"ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఊరికే ఫార్మాలిటీ మాస్టారూ."