ఖాళీ గట్టు వెనుక రెండో వంటిల్లు

విజయవాడలో పోరంకి, కానూరు వైపు, గుంటూరులో గోరంట్ల వైపు కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లలో మోడల్ ఫ్లాట్ చూడబోతే, అందరికంటే గర్వంగా చూపించేది వంటిల్లే. హాల్లోకి తెరుచుకున్న గది, పిడులు లేని తెల్లని తలుపులు, ఒక్క గిన్నె కూడా కనిపించని గట్టు. దీన్ని మినిమలిస్ట్ కిచెన్ అంటున్నారు. ఆ పక్క తలుపు తీస్తే యుటిలిటీ వస్తుంది. అందులో ఇంకో పొయ్యి, ఇంకో సింకు ఉంటాయి. చేపల పులుసు, గోంగూర తాలింపు, అంట్లు అన్నీ అక్కడికే చేరతాయి. ఒకటి చాలే చోట రెండు వంటిళ్లు కట్టి, దానికి తగ్గించుకోవడమని పేరు పెట్టడం అమ్మకపు తెలివి తప్ప మరేమీ కాదు.

వంటింట్లో తగ్గించవలసింది చెక్క, సామాను, నడక. గాలి, వెలుతురు, గట్టు పొడవు తగ్గించవలసినవి కావు. షోరూములు చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. అన్నీ పొందికగా అమర్చిన నేటి వంటింటి ఆలోచనకు మూలమైన 1926 నాటి జర్మనీ ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిలో ఇలాంటి డాంబికం లేదు. ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె ష్యూటె-లిహోట్స్‌కీ దాన్ని సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో, కార్మిక కుటుంబాల ఇళ్ల కోసం రూపొందించారు. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్క చూసి గీసిన గది అది. కిటికీ కింద పని బల్ల, దాని ముందు ఎత్తు సవరించుకోగల పీట, చేతికందే దూరంలో పప్పులు, పిండ్ల డబ్బాలు ఉండేవి. గట్టు ఖాళీగా కనిపించాలన్నది ఆమె లక్ష్యం కాదు. మనిషి అలసిపోకూడదన్నది లక్ష్యం.

మన ఊళ్ల సంగతికి వస్తే, మే నెలలో ఎండ 45 డిగ్రీల దగ్గర ఆడుతుంది. మంట ఆరిపోతుందని పొయ్యి దగ్గర ఫ్యానూ వేసుకోలేం. ఎండుమిర్చి నూనెలో పడగానే లేచే ఘాటుకు గోడ లేని వంటిల్లు ఏం సమాధానం చెబుతుంది? సోఫాలో కూర్చున్న చుట్టాల దగ్గుతోనే చెబుతుంది. గొట్టం బయటికి వెళ్లకుండా ఫిల్టరుతోనే సరిపెట్టే చిమ్నీలు జిడ్డును, వాసనను కొంత పట్టుకుంటాయేమో గాని వేడిని, ఆవిరిని తిరిగి గదిలోకే వదులుతాయి. ఎదురుగా ఒక పెద్ద కిటికీ, పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, హాలుకు వంటింటికి నడుమ మూసుకోగల తలుపు ఉంటే ఖర్చూ మిగులుతుంది.

చెక్క విషయం ఇంకా స్పష్టం. చెక్క పీచును, పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు నీరు తగిలితే ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్లీ మామూలుకు రావు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలో నీళ్లు రోజుల తరబడి నిలిచినప్పుడు ఈ పాఠం ఎవరూ వేరే చెప్పనక్కరలేకపోయింది. వరద దాకా ఎందుకు, సింకు కింద కారే గొట్టం చాలు. మన పాత ఇళ్లలో గట్టు కింద రెండు కడప బండలు అరలుగా పెట్టి, తలుపులు లేకుండా వదిలేసేవారు. తడిగుడ్డతో తుడిస్తే చాలు, చెదలు పట్టవు, అతుకు ఊడదు. నా దృష్టిలో నిజమైన మినిమలిజం ఆ బండల్లోనే ఉంది. చెక్క తప్పదనుకునేవారు నీటిని తట్టుకునే ఐఎస్ 710 రకం (మెరైన్) ప్లైవుడ్ అడిగి తీసుకోవాలి.

తెరిచిన అరల మీద దుమ్ము, నూనె జిడ్డు పేరుకుంటాయని, బయటికి కనిపించేలా పెట్టిన సామాను చూడడానికి బాగుండదని అంటారు. పేరుకుంటాయి, నిజమే, కాని కంటికి కనిపిస్తుంది కాబట్టి తుడుస్తాం. బొద్దింకలు కాపురం పెట్టేది మూసిన అరల చీకట్లోనే.

ఇక సామాను. వారానికి సరిపడా కొనుక్కుంటే అరలు తగ్గుతాయని సలహా ఇచ్చేవారు మిర్చి యార్డు ఉన్న జిల్లాకు కొత్తవారై ఉండాలి. వేసవిలో ఏడాదికి సరిపడా కారం ఆడించుకుని, ఆవకాయ జాడీకెత్తి, చింతపండు, కందిపప్పు పోసుకునే ఇల్లు తెలివైన ఇల్లు. వాటికి కావలసింది చిన్న సామాన్ల గది. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా వంటగదికి కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలని చెబుతూ, విడిగా సామాన్ల గది ఉంటే 4.5 చాలని ఒప్పుకుంటుంది. ఇంట్లోంచి పోవలసింది జాడీ కాదు, పెళ్లిళ్లలో పేర్లు చెక్కించి ఇచ్చిన స్టీలు గిన్నెలు. ఎవరూ వాడని, ఎవరికీ ఇవ్వలేని ఆ సామాను కోసమే అటకలకు తలుపులు బిగిస్తున్నాం.

అసలు గొడవ, వంటింటిని పనిచేసే చోటుగా ఎవరూ లెక్కించకపోవడం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పనిచేసే గదిలో గాలి ఆడాలని 13వ సెక్షనులోనూ, నిలబడి పనిచేసేవారికి వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 44వ సెక్షనులోనూ చెప్పింది. జీతం పుచ్చుకుని పనిచేసే కార్మికుడికి దక్కిన ఆ పీట, జీతం లేకుండా ఏళ్ల తరబడి వండే ఇల్లాలికి ఏ ప్లానులోనూ కనిపించదు. ఆమె చోటును తెల్లగా, ఖాళీగా చూపించడానికి చెమటనంతా యుటిలిటీలోకి నెట్టి, అక్కడ పనిమనిషిని నిలబెడుతున్నాం. ఆ మూలకు చాలా ఫ్లాట్లలో ఫ్యాను పాయింటు కూడా ఉండదు. గట్టు రంగు ఎంచుకునే ముందు కొనుగోలుదారులు బిల్డరును రెండు మాటలు అడగాలి: కిటికీ ఎంత, కూర్చునే చోటెక్కడ. ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి. గోడలు లేచాక షోరూము వాళ్లు చూపించేది రంగులే.