అడ్వాన్సు ఊసే లేదేం?

జీతం బాగా పెరిగితే కుటుంబంతో బెంగళూరు వెళ్లిపోవచ్చని మీ వ్యాసంలో రాశారు. ఇంటి అడ్వాన్సు ఊసే ఎత్తలేదు. 2023లో వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి వెళ్లాం. ఇక్కడ రెండు నెలల అద్దె ఇచ్చి ఉన్నవాళ్లం, అక్కడ ఓనరు పది నెలలది అడిగాడు. బతిమాలితే ఎనిమిదికి దిగాడు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసేసుకున్నాడు, గోడ మీద మావాడు గీసిన ఓడ బొమ్మ చూపించి. (విశాఖ పిల్లాడు ఓడ కాక ఇంకేం గీస్తాడు!) బడిలో కన్నడ తప్పనిసరి. లిపి మనదానికి దగ్గర కాబట్టి అదొక్కటే తేలిగ్గా గడిచింది. 2024 వేసవిలో నీళ్ల ట్యాంకర్ల టెన్షన్ చూసి, ‘రైతుబజారుకి నడిచి వెళ్లలేని ఊళ్లో నాకేం పని’ అంటూ అమ్మ తిరుగు రైలెక్కేసింది. వెళ్లేవాళ్లు ముందు ఒక్కరే వెళ్లి గదిలో ఉండండి. పిల్లల పరీక్షలయ్యాక మిగతావాళ్లను తీసుకెళ్లొచ్చు.