ఛెత్రి అన్నకు కావలి నుంచి ఒక దండం

భారత ఫుట్‌బాల్ కెప్టెన్ సునీల్ ఛెత్రి 2024లో వీడ్కోలు చెప్పినప్పుడు, దేశానికి ఆయన కొట్టిన 94 గోల్స్ లెక్క మీ పత్రికలో బాగా రాశారు గానీ, ఆయన పుట్టింది సికింద్రాబాద్‌లోనన్న ముక్క వదిలేశారేంది సార్? మా కావలి పక్క పిలకాయల చేతికి బ్యాటే ఇస్తారు, ఫుట్‌బాల్ అడిగేవాడే అరుదు. అట్లాంటిచోట కూడా 2018లో ఆయన "తిట్టండి, కానీ స్టేడియానికి రండి" అని బతిమాలిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. తర్వాత ముంబయిలో కెన్యాతో ఆయన వందో మ్యాచ్. జోరువాన, నిండిన స్టాండ్లు, రెండు గోల్స్! పొట్టిమనిషే, అయినా ఎగిరి తలతో కొడితే డిఫెండర్లు చూస్తా ఉండాల్సిందే. 2024 జూన్ 6న కోల్‌కతాలో ఆ వీడ్కోలు మ్యాచ్‌లో కువైట్ మీద ఒక్కటి పడుంటే బాగుండు, 0-0 అయిపాయె. ఆ 11వ నంబరు చొక్కా ఎవరికైనా ఇచ్చుకోండి, గోల్ కొట్టేవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తారు? మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌లో క్లబ్బులు ముందు వరసలో ఎక్కువగా విదేశీయుల్నే దించుతుంటే!