‘రిజిస్ట్రేషన్ అయింది, ఇక భయం లేదు’ అన్న మాటకు ఖండన

ఇల్లు కొనేవారికి సలహాల పేరుతో ఒక సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: రిజిస్ట్రేషన్ జరిగిందంటే ఇల్లు మీదే; ముప్ఫై ఏళ్ల ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రంలో, ఏమీ లేకపోతే ఏ గొడవా లేనట్టే; బ్యాంకు లోన్ ఇచ్చిందంటే వాళ్ల లాయర్లు అన్నీ చూసినట్టే; రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నంబరు ఉంటే ప్రభుత్వ హామీ ఉన్నట్టే; ప్రభుత్వం నిర్ణయించిన విలువకే దస్తావేజు రాయించుకుని మిగతాది నగదుగా ఇస్తే లక్షలు మిగులుతాయి.

హైదరాబాద్‌లో బంధుమిత్రుల ఇళ్ల క్రయవిక్రయాల్లో తోడుండి కాగితాలు చదివిన అనుభవంతో చెబుతున్నాను, ఈ ఐదు మాటల్లో చివరిది పూర్తిగా తప్పు, మిగతా నాలుగూ సగం నిజాలు. ఈసీ, బ్యాంకు పరిశీలన, రెరా నమోదు, రిజిస్ట్రేషన్ అన్నీ అవసరమే. అయితే ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. అమ్మే మనిషికి అమ్మే హక్కు ఉందా అన్న ప్రశ్నకు వీటిలో ఏదీ పూర్తి జవాబు కాదు. ఆ జవాబు కొనేవారే, అడ్వాన్సు ఇవ్వకముందే వెతుక్కోవాలి.

రిజిస్ట్రేషన్‌తోనే మొదలుపెడదాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ చూసేది దస్తావేజు రాసినవారే సంతకం చేశారా, స్టాంపు సుంకం సరిగా కట్టారా, ఆస్తి వివరాలు గుర్తుపట్టేలా ఉన్నాయా అన్నవి. అమ్మేవారి హక్కును విచారించి తేల్చే అధికారం ఆయనకు లేదు. హక్కుపత్రాలు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని తమిళనాడు పెట్టుకున్న 55ఎ(ఐ) నిబంధనను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అమ్మేవారికి హక్కు ఉందో లేదో చూడడం రిజిస్టరింగ్ అధికారి పని కాదన్నదే ఆ తీర్పులోని ప్రధానాంశం. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు కాబట్టి, లేని హక్కును రిజిస్టరు చేసినా అది లేనిదిగానే ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో సెక్షన్ 22-ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంది. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల రిజిస్ట్రేషన్‌ను అది ఆపుతుంది. ఆ జాబితాలోకి ఎక్కని వివాదాలు మాత్రం ఎన్ని ఉన్నా దస్తావేజు నడిచిపోతుంది. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రం) మీద కొనుగోళ్ల సంగతి ఇంకా బలహీనం. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

హక్కు సరిగా ఉన్నా, కట్టడం ఉండకూడని చోట ఉంటే దస్తావేజు దాన్ని కాపాడలేదు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్‌లోనూ, మాదాపూర్ సున్నం చెరువు, మల్లంపేట కత్వ చెరువు పరిసరాల్లోనూ చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు జరిపినప్పుడు, రిజిస్టరు దస్తావేజులు చేతిలో పట్టుకుని ఏడ్చిన కుటుంబాలను మనమంతా చూశాం. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీరు చేరే) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో పటాలున్నాయి. సర్వే నంబరు తీసుకుని వాటితో సరిచూసుకోవడం ఒక పూట పని.

ఇప్పుడు ఈసీ. నష్టం ఎక్కువగా జరుగుతున్నది దీని మీద పెట్టుకున్న అతి నమ్మకం వల్లే. ఈసీ చూపేది, మనం ఇచ్చిన సర్వే నంబరు, ఇంటి నంబరు, హద్దులకు సరిపోయేలా, మనం అడిగిన కాలంలో, రిజిస్టరు అయిన లావాదేవీలను మాత్రమే. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందు చరిత్ర కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. పాత దస్తావేజులో పాత ఇంటి నంబరు ఉండి, మనం కొత్త నంబరుతో వెతికితే ఏమీ లేదనే వస్తుంది. అందుకే నంబరుతో ఒకసారి, లింకు డాక్యుమెంట్ల (అంతకుముందరి దస్తావేజుల) నంబర్లతో మరొకసారి వెతకాలి. రిజిస్టరు చేయని అమ్మకపు అగ్రిమెంటు, నోటిమాటగా జరిగిన పంపకం, బీరువాలో దాచిన వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, ఇవేవీ ఈసీలో కనబడవు. దావా విషయం మరీ ముఖ్యం: ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం, దావా నడుస్తుండగా కొన్నవారికి ఆ సంగతి తెలియకపోయినా తీర్పుకు కట్టుబడాల్సిందే. ఈ-కోర్టుల వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో, వారి తండ్రి పేరుతో వెతకడానికి ఖర్చేమీ లేదు.

కూకట్‌పల్లి వైపు ఒక రీసేల్ ఫ్లాటు కాగితాలు చూడమని తెలిసినవారు నన్ను అడిగారు. తండ్రి కొన్న ఫ్లాటు, ఆయన వీలునామా రాయకుండా పోయారు, తల్లీ ఇద్దరు కొడుకులూ కలిసి అమ్ముతున్నారు. ఈసీలో ఉన్నది ఒక్కటే పద్దు, తండ్రి కొన్న దస్తావేజు. ఈ సందేశం లెక్కన ఇంతకంటే శుభ్రమైన ఆస్తి ఉండదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మూడే పేర్లు. చిరునామా కోసం జతచేసిన పాత రేషన్ కార్డు జిరాక్సులో మాత్రం, ఇద్దరు కొడుకుల పేర్లకు పైన, ఒక కూతురి పేరు ఉంది. అడిగితే పెద్దకొడుకు ఏ తడబాటూ లేకుండా, ‘అక్కకు పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం కదండీ, ఆమె అమెరికాలో ఉంటుంది, ఆమెకిందులో ఏముంది’ అన్నాడు. అతను మోసం చేయాలనుకోలేదని ఇప్పటికీ నమ్ముతున్నాను. మన ఇళ్లలో చాలామంది నిజంగానే అలా అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితంలో కూతుళ్లకు హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచి, పెళ్లికాని వారికి, ఇచ్చింది; 2005లో కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది; 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నమిచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం అన్నది వాటా వదులుకున్నట్టు కాదు. ఆమె అమ్మకందారుగా సంతకమైనా పెట్టాలి, లేదా హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరైనా చేయించాలి. విదేశంలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు సుంకం కట్టించుకోవాలి. ఆ ఫ్లాటు విషయంలో అలాగే జరిగింది, ఆలస్యమైనా అమ్మకం సక్రమంగా ముగిసింది. అమ్మదలచినవారు ఈ పని కొనేవారు రాకముందే చేసిపెట్టుకుంటే బేరంలో తమ మాట నిలుస్తుంది.

‘బ్యాంకు లోన్ ఇచ్చింది కదా’ అన్న ధైర్యానికి వస్తే, బ్యాంకు తన ప్యానెల్ న్యాయవాది చేత అభిప్రాయం తీసుకునే మాట నిజమే. ఆ పరిశీలన బ్యాంకు తన అప్పును కాపాడుకోవడానికి చేసుకునేది. 75 లక్షలు దాటిన గృహరుణానికి ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. మిగిలిన పాతిక శాతమూ, రిజిస్ట్రేషన్ ఖర్చులూ కొనేవారివే. హక్కు వీగిపోయినా అప్పు వీగిపోదు, జీతంలోంచి ఈఎంఐ పోతూనే ఉంటుంది. ఆ న్యాయవాది నివేదిక ప్రతి ఇవ్వమని బ్యాంకును అడగండి, అయితే దానితో సరిపెట్టుకోక మీరు ఫీజు ఇచ్చే న్యాయవాదికి లింకు డాక్యుమెంట్లన్నీ చూపించండి. లక్షలు పెట్టి కొంటూ ఆ ఫీజు దగ్గర వెనకాడడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అమ్మేవారి పాత లోను సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలనీ 2023 డిసెంబరు నుంచి బ్యాంకుల మీద నిబంధన ఉంది. కాబట్టి ‘కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి, తర్వాత ఇస్తాను’ అనే మాటను అంగీకరించకండి.

రెరా చట్టం మంచి చట్టం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యత బిల్డరుదే. హక్కులో లోపం బయటపడితే బిల్డరే పరిహారం కట్టాలి, దానికి కాలపరిమితి కూడా లేదు. అంటే హక్కుకు పూచీ చట్టం బిల్డరు మీదే పెట్టింది, రెరా సంస్థ తన మీద వేసుకోలేదు. పైగా 500 చదరపు మీటర్లలోపు స్థలంలోని ప్రాజెక్టులకూ, ఎనిమిది ఫ్లాట్లకు మించని వాటికీ రెరా నమోదు తప్పనిసరి కాదు. మన కాలనీల్లో రెండు మూడు వందల గజాల్లో లేచే అపార్టుమెంట్లు చాలావరకు ఈ మినహాయింపులోకే వస్తాయి. నమోదుకు ముందే ప్రీలాంచ్ పేరుతో, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) పేరుతో డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం, చదరపు అడుగు ధర ఎంత తగ్గించి చెప్పినా సరే.

రెరా నంబరు చెప్పని రెండు సంగతులు తప్పక చూడాలి. డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన స్థలమైతే, ఏ ఫ్లాటు స్థల యజమాని వాటా, ఏది బిల్డరు వాటా అన్నది సప్లిమెంటరీ అగ్రిమెంటులో ఉంటుంది. యజమాని వాటాలోని ఫ్లాటును బిల్డరు అమ్మజూపిన సందర్భాలు ఉన్నాయి. రెండోది, ప్లాను అతిక్రమించనని హామీగా బిల్డరు నిర్మాణ విస్తీర్ణంలో పదో వంతును అనుమతి ఇచ్చిన సంస్థకు పూచీ పెడతాడు, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. మీరు కొనే ఫ్లాటు ఆ పదో వంతులో ఉందేమో అనుమతి పత్రంలో చూసుకోండి.

ఇక చివరి సలహా, ప్రభుత్వ విలువకే రాయించుకుని మిగతాది నగదుగా ఇవ్వమన్నది. అది చట్టవిరుద్ధమన్నది మొదటి మాట. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమే జరిమానా పడవచ్చు. లాభమన్న మాట కూడా లెక్కకు నిలవదు. 80 లక్షల ఫ్లాటును 50 లక్షలకు రాయించుకుంటే, స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజుల్లో 7.5 శాతం చొప్పున మిగిలేది 2.25 లక్షలు. అదే ఫ్లాటును కొన్నేళ్ల తర్వాత కోటి రూపాయలకు తెల్లధనంగానే అమ్మితే, అసలు లాభం 20 లక్షలైనా కాగితం మీద లాభం 50 లక్షలు. 2024 జూలై 23 తర్వాత కొన్న ఇంటికి ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం దీర్ఘకాలిక పన్ను పడుతుంది కాబట్టి, లేని 30 లక్షల లాభం మీద కట్టాల్సింది 3.75 లక్షలు, సెస్సు అదనం. బేరం మధ్యలో చెడినా, తర్వాత హక్కు వీగిపోయి సొమ్ము వెనక్కి రాబట్టుకోవాల్సి వచ్చినా, కోర్టులో చూపగలిగేది దస్తావేజులో రాసిన 50 లక్షలే. ఆ 30 లక్షలు ఇచ్చినట్టు చూపడానికి చేతిలో కాగితమే ఉండదు.